సైకడెలిక్ షౌక్ ఉన్న దోస్తులకు నా సిఫారిష్: మర్ఫా



"భాయ్, మంచి బ్యాండ్ ఒకటి చెప్పు. వింటే దిమాగ్ తిరిగిపోవాలె, చూస్తే తమాషా ఉండాలె" అని మేడ్చల్, శామీర్‌పేట వైపు సంగీతం షౌక్ ఉన్న పోరగాళ్లు అడుగుతుంటారు. వాళ్ల ఫోన్లలో పింక్ ఫ్లాయిడ్ ఉంటుంది, బీటిల్స్ ఉంటుంది, నుస్రత్ ఫతే అలీ ఖాన్ రీమిక్సులు కూడా ఉంటాయి. నా జవాబు మాత్రం ఒకటే: మర్ఫా వినండి.

నవ్వకండి. బరాత్‌లో కొట్టే మర్ఫానే నేను చెప్పేది. తూంకుంట నుంచి శామీర్‌పేట దాకా రాజీవ్ రహదారి మీద, ఇటు మేడ్చల్ హైవే మీద ఎన్ని ఫంక్షన్ హాళ్లు! పెళ్లిళ్ల సీజన్‌లో అక్కడ మర్ఫా మనందరి చెవుల్లో పడుతుంది. కానీ దాన్ని మనం సంగీతంగా వినం. అది పెళ్లికొడుకు వచ్చాడని చెప్పే హారన్ అనుకుంటాం. నా ఫిర్యాదు అదే.

సైకడెలిక్ అంటే ఏమిటి? ఒకే వరసను మళ్లీ మళ్లీ తిప్పుతూ, కొద్దికొద్దిగా మారుస్తూ, వినేవాడికి టైమ్ సోయి లేకుండా చేయడం. ఖవ్వాలీలో ఇదే పనిని తక్రార్ చేస్తుంది, ఆ హాలత్‌ని సూఫీలు వజ్ద్ అంటారు. మర్ఫాలో మాటలు లేకుండానే ఇది జరుగుతుంది. మెడకు వేలాడే చిన్న గిన్నెలాంటి మర్ఫా మీద పుల్లలు ఆడుతుంటాయి. పక్కన డఫ్, ఢోల్, స్టీల్ బిందె, చెక్కతో చేసిన థాపీ. ఒక్కో వాయిద్యానిది ఒక్కో లెక్క. చెవికి కాసేపు మూడుగా, కాసేపు రెండుగా వినిపిస్తుంది. ఏది ఎక్కడ మొదలైందో పట్టుకోబోతే చేజారిపోతుంది. పట్టుకోవడం మానేస్తే కాళ్లే లేస్తాయి. బోనాలకైనా, గణేశ్ నిమజ్జనానికైనా, నికాకైనా మన తెలంగాణ మొత్తం ఆడే తీన్‌మార్ ఈ దెబ్బల ఖాందాన్‌దే.

ఇక తమాషా సంగతి. 1967లో బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్' ఆల్బం తెచ్చినప్పుడు రంగురంగుల శాటిన్ యూనిఫాంలు వేసుకుని, లేని ఓ మిలిటరీ బ్యాండ్ వేషం కట్టారు. దునియా మొత్తం వాహ్వా అంది. మన మర్ఫాకు వేషం అక్కర్లేదు, దాని వెనక అసలు ఫౌజే ఉంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నిజాం ఫౌజులో చేరారు. మనం చావూష్‌లు అనేది వాళ్లనే. వాళ్ల బ్యారక్స్ పేరు మీదే బార్కస్ ఏర్పడింది. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువులోకి వచ్చిన సిద్దీల గుర్రపు దళమే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. మాసబ్ ట్యాంక్ దగ్గరి ఏ.సీ. గార్డ్స్ అనే మొహల్లా పేరు అదే. 1948 తర్వాత ఫౌజు పోయింది, తన్ఖా పోయింది, దెబ్బ మాత్రం మిగిలింది. సిపాయిల పిల్లలకు వాళ్ల తాతల ఆట రోజీరోటీ అయింది. ఆటగాళ్లు కర్రలు తిప్పుతూ గుండ్రంగా కదులుతుంటే, అందులో పాత తల్వార్ల చాల్ ఇప్పటికీ కనబడుతుంది.

అయితే రెండు ఏతరాజ్‌లు వస్తాయి. మొదటిది దీన్ తరఫున. సంగీతం మీద ఉలమాల్లో ఇఖ్తిలాఫ్ ఉంది, దాన్ని నేను దాచను. కానీ డఫ్ సంగతి వేరు. నికాను డఫ్ కొట్టి ఎలాన్ చేయమన్న మాట హదీసుల్లో ఉంది. ఈద్ రోజు హజ్రత్ ఆయెషా (ర.అ.) ఇంట్లో ఆడపిల్లలు డఫ్ కొట్టి పాడుతుంటే ఆపనివ్వలేదన్న రివాయత్ కూడా ఉంది. మిగతా వాయిద్యాల మీద మీ ఆలిమ్ సాబ్‌ను అడగండి. అయితే మర్ఫాను గునా అనేవాళ్లే వలీమాలో డీజే పెట్టిస్తే నాకు ఆ మంతిక్ అర్థం కాదు.

రెండో ఏతరాజ్ చప్పుడు. ముసలివాళ్లున్నారు, పరీక్షల పిల్లలున్నారు, నిజమే. కానీ మర్ఫా మనిషి చేతుల బలం మీద నడుస్తుంది. చేతులు అలిసిపోతాయి, ఆగుతాయి. డీజే బాక్సులకు అలసట లేదు, దయ లేదు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారంటే, ఆ చప్పుడు ఎంత దూరం పోయిందో ఆలోచించండి. రాత్రి పొద్దుపోయాక మర్ఫా కూడా వద్దు. పడోసీ హక్కు సంగీతం కంటే పెద్దది.

అసలు ఖతరా వేరే ఉంది. పింక్ ఫ్లాయిడ్ మీరు వినకపోయినా బతుకుతుంది, రికార్డులున్నాయి. మర్ఫా బతుకు రికార్డులో లేదు, బరాత్‌లో ఉంది. పెళ్లివాళ్లు పిలిస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పిలుపులు తగ్గితే పిల్లలు నేర్చుకోరు. ఆటో నడుపుకుంటారు, డెలివరీకి పోతారు. ఉస్తాద్ చేతి దెబ్బ ఆయనతోనే ఖబర్‌లోకి పోతుంది.

కాబట్టి షౌకీన్ దోస్తులకు నా గుజారిష్ ఇది. ఇంట్లో షాదీ కుదిరితే డీజే కంటే ముందు మర్ఫా వాళ్లతో మాట్లాడండి. డఫ్, థాపీ, మర్ఫా నిజంగా ఉన్నాయో లేదో అడగండి, ఉత్త ప్లాస్టిక్ డ్రమ్ములతో సరిపెట్టుకోకండి. గేటు నుంచి స్టేజీ దాకా ఐదు నిమిషాల్లో తరిమేయకుండా, హాలు ముందర ఓ అరగంట ఒకేచోట కొట్టనివ్వండి. మొదటి పది నిమిషాలు గోలలాగే ఉంటుంది, దాని లోపలి మెలికలు ఆ తర్వాతే తెరుచుకుంటాయి. వీడియో తీసేవాళ్లు కనీసం చివరి పావుగంట ఫోన్ జేబులో పెట్టుకోండి. మాట్లాడుకున్న పైసలు అదే రాత్రి ఇవ్వండి. ముఖ్యంగా, వాళ్లకు దస్తర్‌ఖాన్ మీద మెహమాన్ల వరసలో చోటివ్వండి. బిర్యానీ పొట్లం కట్టి గేటు బయట చేతిలో పెట్టడం మన తహజీబ్ కాదు.

ఇంట్లో షాదీ లేనివాళ్లు పక్కింటి బరాత్ వచ్చినప్పుడు ఇయర్‌ఫోన్లు తీసి గల్లీలోకి రండి. టికెట్ లేదు, పాస్ లేదు. ఆట బాగుంటే వాహ్వా అనండి, చాలు. ఖుదా హాఫిజ్.