రేటు పెంచలేదట, పన్ను పెరగలేదట!

బ్రిటన్ రాజకీయాల్లో పార్టీలతో పనిలేకుండా ఒక నమ్మకం పాతుకుపోయింది. ఆదాయపు పన్ను రేట్ల జోలికి పోకుండా, పన్ను మొదలయ్యే పరిమితిని మాత్రం కదలకుండా పట్టి ఉంచితే చాలు: ఖజానా నిండుతుంది, ఎవరికీ నొప్పి తెలియదు, భారం కూడా మోయగలిగినవాళ్ల మీదే పడుతుంది. ఈ మూడు మాటల్లో మొదటిది ఒక్కటే నిజం.

2021 మార్చి బడ్జెట్‌లో అప్పటి కన్సర్వేటివ్ ఆర్థిక మంత్రి రిషి సునాక్ ఈ పరిమితిని, అంటే పర్సనల్ అలవెన్స్‌ను, 12,570 పౌండ్ల దగ్గర 2026 దాకా ఆపేశారు. 2022 నవంబరులో అదే పార్టీ ఆర్థిక మంత్రి జెరెమీ హంట్ ఆ గడువును 2028కి జరిపారు. 2024 అక్టోబరులో లేబర్ ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్, ఇంకా పొడిగిస్తే కష్టపడి పనిచేసేవాళ్ల జీతంలోంచి డబ్బు లాగినట్టే అవుతుందని, ఆ పని తాను చేయనని సభలో ప్రకటించారు. 2025 నవంబరు వచ్చేసరికి తానే 2031 దాకా పొడిగించారు. దీని దెబ్బ పనిచేసేవాళ్లకూ తగులుతుందని ఒప్పుకున్నారు కూడా. మరి పార్టీ ఎన్నికల మేనిఫెస్టో మాట తప్పినట్టు కాదా అంటే, కాదట. అందులో ‘రేట్లు పెంచం’ అని కదా రాసింది!

ఈ వకీలు తెలివికి సామాన్యుడు ఎంత చెల్లిస్తున్నాడో చూద్దాం. అక్కడ పరిమితిని మామూలుగా సెప్టెంబరు ద్రవ్యోల్బణాన్ని బట్టి మరుసటి ఏప్రిల్‌లో పెంచాలి. 2021 నుంచి 2025 దాకా ఆ అంకెలు వరుసగా 3.1, 10.1, 6.7, 1.7, 3.8 శాతం. ఆ ప్రకారం కదిలి ఉంటే 2026-27లో పరిమితి దాదాపు 16,070 పౌండ్లు ఉండేది. తేడా 3,500. దాని మీద 20 శాతం అంటే ఏటా 700 పౌండ్లు.

ఈ 700 ఎవరి దగ్గర తీసుకుంటున్నారు? ఏటా 20,000 సంపాదించేవాడి దగ్గరా అంతే, 45,000 సంపాదించేవాడి దగ్గరా అంతే. అదే 20 శాతం ఉన్న బేసిక్ రేటును ఒక్క శాతం పెంచి ఉంటే మొదటివాడు 74 పౌండ్లు, రెండోవాడు 324 పౌండ్లు కట్టేవాళ్లు. ఆ 20,000 మనిషి దగ్గర రేటు ద్వారా 700 రాబట్టాలంటే 20 శాతాన్ని 29 దాటించాలి. ఏ మంత్రి అయినా ఆ మాట అని పార్లమెంటులోంచి బయటపడగలడా? పరిమితిని ఆపేస్తే మాత్రం చప్పుడే ఉండదు, చాప కింద నీరులా పని జరిగిపోతుంది. భారం మోయగలిగినవాళ్ల మీదే పడుతుందనేవారు 40 శాతం పన్ను కట్టేవాళ్లను చూపిస్తారు. వాళ్లు ఎక్కువే కడుతున్నారు, కాదనను. కానీ ఆ 40 శాతం మొదలయ్యే 50,270 కూడా 2021 నుంచి కదల్లేదు కాబట్టి, అనుభవమున్న స్కూల్ టీచర్లు, సీనియర్ నర్సులు కూడా ‘సంపన్నుల’ వరసలో చేరిపోతున్నారు.

కేర్ హోమ్‌లో కనీస వేతనానికి పనిచేసే ఆయా సంగతి చూడండి. 2021 ఏప్రిల్‌లో గంటకు 8.91 పౌండ్లు. ఏడాదిలో మొదటి 1,410 గంటల సంపాదన మీద ఆమెకు పన్ను లేదు. 2026 ఏప్రిల్ నుంచి గంటకు 12.71. పన్ను లేని గంటలు 989కి పడిపోయాయి. జీతం పెరిగింది కదా అంటారు. నిజమే, ధరలకన్నా ఎక్కువే పెరిగింది. అయినా ధరలతోపాటు పరిమితీ కదిలి ఉంటే ఆమెకు 1,264 గంటలు మిగిలేవి. కనీస వేతనం పెంచామని చెప్పుకునే ప్రభుత్వం ఆ పెంపులో తన వాటా ఎంతో ఎక్కడా చెప్పదు.

దీనికి కన్సర్వేటివ్‌ల దగ్గర ఒక జవాబుంది. ఉద్యోగుల జీతంలోంచి పన్నుతోపాటు కోసే నేషనల్ ఇన్సూరెన్స్‌ను 2024లో రెండు విడతలుగా 12 నుంచి 8 శాతానికి తగ్గించాం, అంతకుముందు 2022లో దాని పరిమితినీ 12,570కి పెంచాం అంటారు. గట్టి జవాబే. 20,000 జీతగాడికి రేటు తగ్గింపుతోనే 297 పౌండ్లు మిగిలాయి. అయితే అది ఒక్కసారి ఇచ్చింది. పరిమితి ఆపడం ఏటా కొత్తగా తీసుకునేది, అదీ 2031 దాకా. పైగా పింఛనుదారులు ఆ ఇన్సూరెన్స్ కట్టరు గనక వాళ్లకు ఆ తగ్గింపుతో ఒరిగిందేమీ లేదు. కొత్త ప్రభుత్వ పింఛను పూర్తి మొత్తం 2026-27లో వారానికి 241.30 పౌండ్లు, ఏడాదికి 12,547 చిల్లర. పరిమితికి 22 పౌండ్ల దూరం! పింఛను ఏటా కనీసం 2.5 శాతం పెరగాలన్నది వాళ్ల నియమం. అంటే 2027 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చే పింఛను మీద ఇంకో చేత్తో పన్ను వేయాల్సి వస్తుంది. ఆ పింఛను తప్ప వేరే ఆధారం లేనివాళ్ల నుంచి ఆ చిల్లర వసూలు చేయబోమని రీవ్స్ అన్నారు. పాత కంపెనీ నుంచి నెలకో నూరు పౌండ్లు వచ్చే ముసలాయనకు ఆ మినహాయింపు వర్తించదు.

పరిమితిని మరచిపోతే ఏమవుతుందో తెలియాలంటే లక్ష పౌండ్ల గీతను చూడాలి. 2010లో నాటి లేబర్ ఆర్థిక మంత్రి అలిస్టర్ డార్లింగ్ పెట్టింది అది. లక్ష దాటిన ప్రతి రెండు పౌండ్లకూ పర్సనల్ అలవెన్స్‌లో ఒక పౌండు కోత. దాంతో 1,00,000 నుంచి 1,25,140 మధ్య సంపాదన మీద అసలు పన్ను 60 శాతం. ఏ చట్టంలోనూ ఈ రేటు కనబడదు. తల్లిదండ్రుల్లో ఒకరి ఆదాయం లక్ష దాటితే చిన్నపిల్లల సంరక్షణకు ప్రభుత్వం ఇచ్చే సాయంలో చాలా భాగమూ పోతుంది. అక్కడి ఆసుపత్రుల్లోని మన డాక్టర్లలో ఈ గీత తెలియనివాళ్లు తక్కువ. అదనపు షిఫ్టు వద్దనడానికీ, లక్ష దాటిన సొమ్మును పెన్షన్‌లోకి నెట్టడానికీ ఇదే కారణం. పదహారేళ్లలో ఆ గీత ఒక్క పౌండు కూడా జరగలేదు. (మనం నవ్వుకోనక్కర్లేదు. మన దగ్గర 80సీ అని పేరుపడ్డ పొదుపు మినహాయింపు 1.5 లక్షల పరిమితి కూడా 2014 నుంచి ఉన్నచోటే ఉంది.)

విచిత్రమేమిటంటే ఈ మోసానికి మందు కనిపెట్టింది లేబర్ పార్టీవాళ్లే. 1970ల్లో ధరలు ఆకాశాన్నంటినప్పుడు ఇదే పద్ధతిలో పన్ను పెరుగుతోందని గుర్తించి, జెఫ్ రూకర్, ఆడ్రీ వైజ్ అనే ఇద్దరు లేబర్ ఎంపీలు 1977లో సొంత ప్రభుత్వానికే ఎదురుతిరిగారు. ధరలతోపాటు పన్ను పరిమితులు పెరగాలి, పెంచకూడదనుకుంటే పార్లమెంటు ముందుకొచ్చి ఆ మాట చెప్పాలి అని చట్టంలో సవరణ తెచ్చారు. నేటి మంత్రులు ఆ చట్టాన్ని తీసెయ్యలేదు. సభలో మెజారిటీ ఉంది కదా అని పక్కన పెడుతూ వస్తున్నారు.

ఆసుపత్రులకు, స్కూళ్లకు డబ్బు కావాలి, పన్ను పెంచక తప్పదు అంటే ఆ వాదన వినదగ్గదే. అలాంటప్పుడు రేటు పెంచి, పెంచామని చెప్పి, ఓటరు ఎదుట నిలబడాలి. బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లకు ఇక్కడ ఒక సదుపాయం ఉంది. చెల్లుబాటయ్యే వీసాతో అక్కడ నివసించే భారత పౌరులకు, కామన్వెల్త్ పౌరులుగా, పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. 2029 ఆగస్టు మధ్యలోపు ఎన్నికలు జరగాలి. ఓటరుగా నమోదు చేసుకోండి. తలుపు తట్టిన అభ్యర్థి ఏ పార్టీవాడైనా సరే, రేటు ఊసెత్తగానే ఆపి, 12,570ని ఎప్పుడు కదిలిస్తారో తేదీతో సహా చెప్పమనండి.