సొమ్ము జనానిది.. చూసే హక్కు ఎవరిది?

2007 జులై 27న బీబీసీ తన ఐప్లేయర్‌ను ప్రయోగాత్మకంగా తెచ్చింది. టీవీలో వచ్చిన కార్యక్రమాలను కంప్యూటర్‌లో చూసుకునే సదుపాయం అది. అయితే విండోస్ ఎక్స్‌పీ ఉంటేనే పనిచేసింది. మ్యాక్, లినక్స్ వాడేవాళ్లకు తలుపులు మూసేశారు. బీబీసీ ప్రధానంగా నడిచేది ప్రజలు కట్టే లైసెన్సు ఫీజుతోనే. ఆ ఏడాది కలర్ టీవీకి అది 135.50 పౌండ్లు. ఫీజు అందరి దగ్గరా వసూలు చేసి, చూసే వీలు మాత్రం ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లకు ఇస్తారా? అక్కడ పెద్ద చర్చే నడిచింది.

బీబీసీ దగ్గరా ఓ జవాబుంది. కార్యక్రమాల హక్కుదారులు కాపీ కాకుండా రక్షణ అడుగుతున్నారు, ఆ తాళం విండోస్‌లోనే సిద్ధంగా దొరికిందన్నది వాళ్ల వాదన. జనం అక్కడితో ఊరుకోలేదు. ప్రధాని కార్యాలయానికి పెట్టిన అర్జీ మీద 16 వేల మందికి పైగా సంతకం చేశారు. అన్ని రకాల కంప్యూటర్లకూ సేవ అందాలని, పురోగతిని 6 నెలలకోసారి పరిశీలిస్తారని ప్రభుత్వం జవాబిచ్చింది. అదే ఏడాది డిసెంబరులో మ్యాక్, లినక్స్‌లలో నేరుగా చూసే వీలొచ్చింది. డౌన్‌లోడ్ కోసం మాత్రం మరో ఏడాది ఆగాల్సి వచ్చింది. గెలుపు సగమే కావచ్చు, కానీ అడిగితేనే వచ్చింది.

ఇక మన సంగతి. దూరదర్శన్, ఆకాశవాణికి ఇక్కడ లైసెన్సు ఫీజు లేదు. అలాగని ఊరికే నడవడం లేదు. వాటిని నడిపే ప్రసారభారతికి కేంద్ర బడ్జెట్ నుంచే గ్రాంట్లు వెళ్తాయి. ఆధునికీకరణ కోసం 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం రూ. 2,539.61 కోట్ల బైండ్ పథకానికి ఆమోదం తెలిపింది. 2024 నవంబరులో గోవా ఫిల్మ్ ఫెస్టివల్‌లో ‘వేవ్స్’ ఓటీటీ మొదలైంది. టీవీ సెట్టు నుంచి ఫోన్‌లోకి మారే ఈ సమయంలోనే ఎవరు లోపలికి, ఎవరు బయటికి అన్నది తేలిపోతుంది.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 1990 నాటి ప్రసారభారతి చట్టం 12వ సెక్షన్ వివిధ ప్రాంతాల భాషలు, సంస్కృతులు, మైనారిటీలు, గిరిజనులు, అంధులు, వృద్ధుల అవసరాలు చూడాలంటుంది. తెలంగాణలో 2017 నుంచి రాష్ట్రమంతటా, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఉర్దూ రెండో అధికార భాష. డీడీ ఉర్దూ, యాదగిరి, సప్తగిరి ఛానళ్లు ఉన్నాయి. ఛానల్ ఉండటం వేరు, పాత ఫోన్ వాడే అమ్మమ్మకో, చెవులు వినపడని పిల్లాడికో అది అందడం వేరు.

మరి అడిగేదెవరు? రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది, రాజ్యసభలో 18 మంది ఎంపీలున్నారు. రోడ్లు, పింఛన్ల మధ్య ఓటీటీ గోల ఏంటని వాళ్లు అనుకోవచ్చు. “ఉర్దూకు న్యాయం చేయండి” అని వినతిపత్రం ఇస్తే ఫొటో దిగి పక్కన పెట్టేస్తారు కూడా. అందుకే ప్రశ్న సూటిగా ఉండాలి. వేవ్స్‌లో తెలుగు, ఉర్దూ కార్యక్రమాలు ఎన్ని గంటలున్నాయి? సబ్‌టైటిల్స్ ఉన్నవి ఎన్ని? తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో యాప్ పనిచేస్తుందా? ఎంత పాత ఫోన్ దాకా నడుస్తుంది? ఎంపీ వీటిని పార్లమెంటులో రాతపూర్వక ప్రశ్నగా వేస్తే మంత్రి జవాబు రికార్డుల్లోకి ఎక్కుతుంది. ఆ తర్వాత దాన్ని పట్టుకుని ఎవరైనా నిలదీయొచ్చు.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. ప్రసారభారతి పనితీరు చూడటానికి 15 మంది లోక్‌సభ, ఏడుగురు రాజ్యసభ సభ్యులతో 22 మంది కమిటీ ఉండాలని అదే చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. ఆ కమిటీలో ఈ రోజు ఎవరెవరున్నారని ఏ ఎంపీనైనా అడిగి చూడొచ్చు. జవాబు కోసం తడుముకుంటే, అర్జీ ఎక్కడ మొదలవ్వాలో అక్కడే తెలిసిపోతుంది.