ఒక చేత ఫిడేలు, ఒక చేత లా పుస్తకం

మొన్న ఆదివారం పొద్దున్నే మెల్‌బోర్న్ నుంచి ఫోను. మా అక్క అల్లుడు. "మామయ్యగారూ! మీ మనవరాలికి మీరే నచ్చజెప్పాలి" అన్నాడు. ప్రేమా పెళ్లీ గొడవేమోనని కంగారు పడ్డాను. అది కాదట. పిల్ల లా చదువుతానంటోందట. శుభం! దాంతోపాటు సంగీతం కూడా చదువుతానంటోందట. అదీ గొడవ!

"దానికేముందయ్యా, సాయంకాలం పూట నేర్చుకుంటుంది" అన్నాను.

"సాయంకాలం కాదండీ, డిగ్రీయే! పొద్దున కాంట్రాక్టు చట్టం, మధ్యాహ్నం వయొలిన్! రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏమవుతుందో మీకు తెలీదా?"

తెలుసు. ఒక పడవ దిగిపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఆ సంగతే ఈ వారం మీతో చెప్పాలనుకుంటున్నాను.

ముందు ఈ చదువేమిటో చూద్దాం. మన దగ్గర బి.ఏ., ఎల్.ఎల్.బి. కలిపి అయిదేళ్లు చదువుతున్నారు చూడండి, అలాంటిదే ఇదీ. ఆస్ట్రేలియాలో లాతో పాటు రెండో డిగ్రీ చదవడం మామూలే. మోనాష్ లాంటి యూనివర్శిటీ ఆ రెండో డిగ్రీగా సంగీతాన్నీ ఒప్పుకుంది. విడివిడిగా చదివితే సంగీతానికి మూడేళ్లు, లాకి నాలుగేళ్లు, వెరసి ఏడు. కలిపి చదివితే అయిదేళ్లలో అయిపోతుంది. సంగీతం సీటు మార్కులతోనే రాదు, పెద్దల ముందు వాయించి మెప్పించాలి. లా వైపు కాంట్రాక్టులు, నేరాలు, ఆస్తులు, రాజ్యాంగం వగైరా పదకొండు సబ్జెక్టులు తప్పనిసరి. అన్నీ పాసయినా వెంటనే నల్లకోటు తొడుక్కోవడానికి లేదు, ఆ పైన ప్రాక్టికల్ ట్రైనింగు ఉంటుంది.

ఈ రెండిటికీ పొత్తు కుదరదని మా అక్క అల్లుడి వాదన. చరిత్ర కూడా సగం అతని పక్షానే ఉంది. జర్మనీలో షూమన్ 1828లో లా చదువులో చేరి, రెండేళ్లకల్లా దానికి నమస్కారం పెట్టి పియానో ముందు కూచున్నాడు. రష్యాలో చైకోవ్‌స్కీ 1859లో లా పూర్తిచేసి, న్యాయశాఖలో గుమాస్తాగిరీ కూడా వెలగబెట్టి, చివరికి సంగీతంలోకే వచ్చిపడ్డాడు.

మరి రెండూ నిలబెట్టుకున్నవాళ్లు లేరా? ఎందుకు లేరు! మద్రాసులో టి.ఎల్. వెంకట్రామయ్యర్ గారున్నారుగా! ముత్తుస్వామి దీక్షితుల కృతులలో ఆయనది అందెవేసిన చేయి. డి.కె. పట్టమ్మాళ్ అంతటి విదుషీమణి ఆయన దగ్గర ఆ కృతులు నేర్చుకున్నారు. 1944లో సంగీత కళానిధి అయ్యారు, ఆ తర్వాత సుప్రీంకోర్టు జడ్జీ కూడా అయ్యారు!

ఇక నా సంగతి. ఎనిమిదో ఏట ఫిడేలు పట్టాను. వర్ణాల దాకా వచ్చాను. "ఫిడేలు అన్నం పెడుతుందట్రా?" అని మా నాన్నగారు నన్ను మద్రాసులో లా చదువుకి పంపారు. ఫిడేలు పెట్టెలో పడుకుంది.

నేనున్న ఇంట్లోనే పక్క వాటాలో ఒక పెద్దాయన ఉండేవారు. నాటకాలకి బాణీలు కట్టేవారు. హార్మోనియం ముందేసుకుని ఆయన పల్లవి అల్లుతుంటే, అరుగు మీద కూచుని వినేవాణ్ణి. ఎంత చక్కని పల్లవులో! ఒక్కటీ కాగితం మీద పెట్టేవారు కారు.

నేను ప్లీడరు దగ్గర జూనియర్‌గా చేరిన కొత్తలో, ఒకనాడు ఆయనే మా ఆఫీసు మెట్లెక్కారు. "బాబూ, నా పల్లవిని సినిమాలో పెట్టేశారయ్యా! నా పేరు లేదు, పైసా లేదు." మా సీనియర్ అడిగిన ప్రశ్న ఒక్కటే: "స్వరం రాసిన కాగితముందా?"

ఆయన గొంతు మీద చెయ్యి పెట్టి "ఇక్కడుంది బాబూ" అన్నారు.

నవ్వొస్తోందా? నాకైతే ఈనాటికీ రాదు. ఎందుకంటే 1957 నాటి కాపీరైట్ చట్టంలో సంగీత రచన అంటే అచ్చయినదో, కాగితం మీదికెక్కినదో అయివుండాలి. గొంతులో ఉన్న బాణీ ఆ చట్టానికి వినపడేది కాదు! ఆ చెవుడు 1994 సవరణతో గానీ పోలేదు. పెద్దాయన లేచి దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. కాగితముంటే గెలిచేవారని నేననను. కోర్టు తలుపు తట్టే దారయినా ఉండేది.

స్వరం రాయడం నాకొచ్చు. రాయాలన్న చట్టమూ నేను చదివాను. ఆ అరుగు మీద కూచున్న అన్ని సాయంకాలాల్లో "ఇది రాసి, తేదీ వేసి దాచుకోండి" అని ఒక్క మాట నా నోట రాలేదు. పాట విన్నప్పుడు చట్టం గుర్తు రాలేదు. చట్టం చదివినప్పుడు పాట గుర్తు రాలేదు. రెండూ నేర్చాను గానీ, కలిపి నేర్వలేదు!

ఇదేదో పాత కథ అనుకునేరు. 1977లో సుప్రీంకోర్టు ఏమంది? నిర్మాత డబ్బిచ్చి పాట చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు నిర్మాతదేనంది. ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యర్ పాడేవాళ్లకి హక్కు లేకపోవడం గురించి ప్రత్యేకంగా బాధపడ్డారు. గాయకులకి కొన్ని హక్కులు 1994లో వచ్చాయి. సినిమా హాల్లో సినిమాతో పాటు వినిపించేది మినహాయించి, మిగతా వాడకాల మీద కవికీ సంగీత దర్శకుడికీ రాయల్టీ వాటా దక్కాలని 2012లో సవరణ వచ్చింది. 2017లో ఇళయరాజా గారు బాలు గారికి నోటీసు పంపితే, అభిమానులం ఎటూ మాట్లాడలేక గుడ్లప్పగించి చూశాం, గుర్తుందా?

అంతెందుకు! 'పొన్నియిన్ సెల్వన్' రెండో భాగంలో రెహమాన్ పాట మా ఇంటి 'శివస్తుతి'లోదేనని డాగర్ కుటుంబం ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 2025 ఏప్రిల్‌లో జడ్జిగారు డాగర్ల వైపు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. సెప్టెంబరులో ఇద్దరు జడ్జీల బెంచి దాన్ని కొట్టేసింది. మోహన రాగం ఎవరి సొత్తూ కాదు. మోహనలో ఒకాయన కొత్తగా కట్టిన బాణీ మాత్రం ఆయన సొత్తే. ఆ గీత ఎక్కడ గీయాలో చెప్పడానికి చెవీ కావాలి, చట్టమూ కావాలి.

ఇదంతా చెబితే మా అక్క అల్లుడు మెత్తబడ్డాడు. అప్పుడు పిల్లని పిలిచి ఒక్క హెచ్చరిక చేశాను. "అమ్మడూ, పరీక్ష ముందు రాత్రి కాఫీ తాగి సెక్షన్లు బట్టీ పట్టొచ్చు. గమకం బట్టీ పట్టడం కుదరదు. లా పుస్తకం వారం తర్వాత తెరిచినా అలిగి కూచోదు. వయొలిన్ రెండు రోజులు ముట్టకపోతే మూడో రోజు పలకరించదు. పని ఒత్తిడిలో ముందు కోత పడేది సాధన మీదే. పడనివ్వకు."

"మరి మీ ఫిడేలు ఏదీ తాతయ్యా?" అంది.

అటక మీదుందన్నాను. దింపమంది.

దింపాను. తీగలు తుప్పు పట్టాయి, బిరడాలు బిగుసుకుపోయాయి. మరమ్మతుకి ఇచ్చాను, గురువారం తెచ్చుకొమ్మన్నారు. ఆ పల్లవి ఇంకా నా చెవిలో ఉంది. ఈసారైనా కాగితం మీద పెడతాను, పైన ఆ పెద్దాయన పేరు రాసి.