ఒక్క కుర్చీ విలువ

పసిఫిక్ మహాసముద్రం నడుమ 33 దీవుల చిన్న దేశం కిరిబాస్. రాసేది కిరిబాటి, పలికేది కిరిబాస్. 1979 జూలై 12న బ్రిటన్ పాలన నుంచి బయటపడింది. ఆ దేశ శాసనసభ పేరు ‘మనేయబా ని మౌంగతాబు’. మనేయబా అంటే ఊరంతా కూడి మాట్లాడుకునే పెద్ద చావడి. అందులో ప్రతి వంశానికీ తరతరాలుగా తనదంటూ ఒక చోటు ఉంటుంది. 2000 నుంచి ఈ సభ దక్షిణ తరావాలోని అంబోలో కొలువుదీరుతున్నది.

సభలో 45 మంది. సభ తన సభ్యుల్లోంచి ముగ్గురు, నలుగురి పేర్లు ఇస్తే, వారిలో అధ్యక్షుడెవరో జనమే ఓటేసి తేలుస్తారు. అవిశ్వాసం నెగ్గితే అధ్యక్షునితో పాటు సభ కూడా రద్దవుతుంది. చెయ్యెత్తిన సభ్యుడూ మళ్లీ జనం ముందుకు పోవాల్సిందే! రాత్రికి రాత్రి సర్కారును కూల్చి కుర్చీలు పంచుకునే ఆట అక్కడ అంత సులువు కాదు.

44 మందిని ఓటర్లు ఎన్నుకుంటారు. మరి ఆ 45వ కుర్చీ ఎవరిది? బనబా బిడ్డలది. 1900లో ఆ దీవిలో ఫాస్ఫేట్ బయటపడింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలకు ఎరువు కోసం బనబా నేలను తవ్వుకుపోయారు. 1945 డిసెంబర్‌లో అక్కడి జనాన్ని రెండు వేల కిలోమీటర్ల దూరంలో, ఫిజీలోని రంబి దీవిలో దించారు. ఆ దీవిని కొన్నది కూడా వారి ఫాస్ఫేట్ సొమ్ముతోనే! సొమ్ము వాళ్లది, నేల వాళ్లది, వలస కూడా వాళ్లకే.

స్వాతంత్ర్యానికి ముందు బనబన్లు తమను వేరు చేయమని లండన్ దాకా పోయి అడిగారు. బ్రిటన్ వినలేదు. తవ్వకాలు ముగిసిన ఏడాదే, 1979లో, బనబాను కిరిబాస్‌లోనే ఉంచి జెండా దించింది. అయితే రాజ్యాంగంలో బనబన్ల హక్కులకు ఒక అధ్యాయం, రంబి మండలి పంపే ప్రతినిధికి సభలో ఒక స్థానం దక్కాయి.

45 మందిలో ఒక్క గొంతు పోయిన నేలను తిరిగి తేగలదా? తేలేదు. కానీ ఆ స్థానం ఏ నాయకుడి దయాదాక్షిణ్యం మీదా నిలబడలేదు, రాజ్యాంగంలో ఉంది. నోటిమాటగా ఇచ్చిన హామీ ఇచ్చినవాడితోనే పోతుంది. రాసుకున్న హక్కును తీసేయాలంటే నలుగురి ముందు నిలబడి తీయాలి. నేల పోగొట్టుకున్నవారికి అడిగే చోటన్నా మిగలాలి. అడిగే చోటు ఉన్నంతకాలం బనబా కథ ముగియదు.