వంటింటి నూనెయు, విమానపు తైలమును

మహాశివరాత్రికిని, ఉగాదికిని శ్రీశైలమునకు యాత్రికులు తండోపతండములుగా వచ్చుదురు. అప్పుడు కొండమీదను, నంద్యాల, ఆళ్లగడ్డ వంటి ఊళ్లలోను బజ్జీలు, పూరీలు వేగని అంగడి యుండదు. ఆ బాణళ్లలో మిగిలిన నల్లని నూనె యేమి కావలయును? ఈ మాసమున మేము ముచ్చటింపదలచిన దిదియే.

మాటిమాటికి కాచిన నూనెలో ఆరోగ్యమునకు చెరుపుచేయు పదార్థములు పెరుగును. అట్టివి నూటికి 25 పాళ్లు మించిన నూనెను వంటకు వాడరాదని 2018 జూలై నుండి ప్రభుత్వ నియమము. దినమునకు 50 లీటర్లకు మించి వాడు అంగళ్లవారు లెక్క వ్రాసి, పాతనూనెను అనుమతిగల సేకరణదారులకే ఈయవలయునని 2019 మార్చి నుండి మరియొక నియమము.

ఆ నూనెకు మంచి గతి కలదు. వనస్పతిని మన మెరుగుదుము. నికెలు సాయమున నూనెకు హైడ్రోజను వాయువు కొంత పట్టించినచో నది గడ్డకట్టునని 1902లో జర్మను శాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ నార్మన్ చూపెను. ఆ వాయువునే 300 డిగ్రీలకు పైబడిన వేడిమిలో, మిక్కుటమైన ఒత్తిడిలో పట్టించినచో నూనెలోని ప్రాణవాయువు నీరుగను, బొగ్గుపులుసు వాయువుగను వెడలిపోవును. మిగులునది డీజిలు వంటి తైలము. దానితోపాటు కొంత ప్రొపేను పుట్టును. మన వంటగ్యాసులో నదియు నుండును. ఆ తైలమును మరికొంత మార్చినచో విమానములకు పనికివచ్చును.

ఇది వట్టిమాట కాదు. డెహ్రాడూనులోని పెట్రోలియము పరిశోధనాలయమువారు అడవియాముదపు నూనెనుండి చేసిన తైలమును మామూలు తైలముతో కలిపి, 2018 ఆగస్టు 27న డెహ్రాడూను నుండి ఢిల్లీకి విమానము నడిపిరి. పాత వంటనూనెతో అట్టి తైలము చేయుటకు పానిపట్టు కర్మాగారము 2025లో యోగ్యతాపత్రము పొందెను.

అట్లయిన వేరుసెనగ నూనెనే యంత్రములకు పోయరాదా యని కొందరడుగవచ్చును. మన దేశమునకు వలయు వంటనూనెలో సగమునకు పైగా పరదేశములనుండి తెచ్చుకొనుచున్నాము. బిడ్డల విస్తరిలోని నూనెను బండికి పోయుట న్యాయము కాదు. తినదగినది మనుష్యులకు, తినరానిది యంత్రములకు. ఇదియే మా మతము.

కావున వేపుళ్లకు నూనె కొద్దిగానే పోయుడు. నల్లబడినదానిని క్రొత్తనూనెలో కలుపకుడు, తూములో పోయకుడు. చల్లార్చి సీసాలో నుంచి, సేకరించువారున్నచోట నిండు. అంగడివానిని పాతనూనె నెవరికిచ్చుచున్నావని అడుగుడు. దానిని చౌకగా కొని మరల వండువాడు తుదకు బీదవారి బిడ్డలకే పెట్టును. మన మడుగు ఒక్క ప్రశ్న వారికి రక్ష కాగలదు.