నీరుల్లి చెప్పు పాఠము



ఈ మాసమున నొక సోదరి వ్రాసిన లేఖ నన్ను చాల యోజింపజేసినది. ఆమె కుమార్తెకు వైద్యకళాశాలలో ప్రవేశము దొరకలేదట. జీవశాస్త్రమే ప్రీతియనియు, బి.యస్సి.లో చేరెదననియు బాలిక పట్టుపట్టుచున్నది. "డాక్టరు కానిదానికి ఆ చదువెందులకు? సంబంధము చూచెదము" అని తండ్రిగారనుచున్నారు. నడుమ తల్లి నలుగుచున్నది.

అమ్మా! జీవశాస్త్రమును వైద్యవిద్యకు మెట్టుగా మాత్రమే మనము చూచుచున్నాము. పొరపాటక్కడనే యున్నది.

ఆ తరగతులలో చేయించు ప్రయోగము నొకదానిని వినుడు. నీటిగ్లాసు మూతిపై నీరుల్లిగడ్డను నిలిపిన కొలది దినములలో తెల్లని వేళ్లు దిగును. వేరుకొనను గోసి, ఆమ్లముతో మెత్తపఱచి, ఎఱ్ఱని రంగెక్కించి, గాజుపలకపై నదిమి సూక్ష్మదర్శినిలో చూతురు. క్రోమోజోములనెడి 16 పోగులు ఒక కణములో నడుమ బారులు తీరియుండును. వేఱొకదానిలో రెండు పాళ్లుగా విడిపోయి చెరియొక వైపునకు చేరుచుండును. ఒక కణము రెండగుట యిట్లు. మన దేహములును ఈ విధముననే పెరిగినవి.

ఇట్టి పోగులను పరిశీలించియే యొక స్త్రీ లోకప్రసిద్ధి గాంచెను. 1897లో తలశ్శేరిలో జన్మించిన జానకి అమ్మాళ్ 1921లో మద్రాసున వృక్షశాస్త్రమునందు ఆనర్సు ముగించి, 1931లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందెను. కోయంబత్తూరున చెఱకు క్రోమోజోములను శోధించెను. డార్లింగ్టన్ అను నాంగ్ల శాస్త్రజ్ఞునితో గూడి 1945లో సాగుమొక్కల క్రోమోజోములను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. 1977లో పద్మశ్రీ బిరుదు పొందెను. ఆమె వైద్యురాలు కాదు.

కప్పలను కోయవలెనేమో యని జంకవలదు. 2014లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము విద్యార్థులచే జంతువులను కోయించుటను నిలుపు చేసినది.

ఒక్క నిజమును దాచరాదు. బి.యస్సి. పట్టముతోనే మంచి యుద్యోగము వచ్చునని నేను మాట యీయజాలను. పరిశోధనకును, కళాశాలలో బోధించుటకును పైచదువు వలయును. కావున తండ్రిగారితో మూడేండ్ల లెక్క కాక, ఐదాఱేండ్ల లెక్కయే మాటాడుడు. చేర్పించుటకు ముందు ప్రయోగశాలను స్వయముగా చూడుడు. సూక్ష్మదర్శినులు బీరువాలో నున్నవా, పిల్లల చేతులలో నున్నవా? కళాశాల మంచిచెడ్డలు దానితో తెలియును.

ఇక బాలిక మనస్సు తెలియవలెనన్నచో, రేపే వంటింటి కిటికీలో నొక యుల్లిగడ్డను నీటిపై నుంచుడు. ఆమె దినదినమును వచ్చి దాని వేళ్లను చూచుచున్నచో, తండ్రిగారిని పిలిచి చూపుడు.

మీ సోదరి