చేపలు వైవా అడగవు

మన సావనీరులో ఏటా కనబడే వ్యాసాలు కొన్ని ఉన్నాయి. ‘విద్యార్థి – బాధ్యత’, ‘విజ్ఞానశాస్త్రం – సమాజం’, ‘నేటి విద్యావిధానం – లోపాలు’. వాటిని నేను వెక్కిరించడం లేదు. నేను చెప్పబోయేదీ వాటి గురించే. కాకపోతే చేపల తొట్టె దగ్గర నిలబడి చెబుతాను. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు గాని, చివరిదాకా చదివి నవ్వండి.

నా వాదన ఒక్కటే. మనం చేసే ప్రాజెక్టులు వైవా రోజున పది నిమిషాలు పనిచేస్తే చాలు. పదకొండో నిమిషంలో ఆగిపోతే ఎవరికీ నష్టం లేదు. ఆగిపోయినా ఎవరికీ నష్టం లేని యంత్రాలు కట్టుకుంటూ పోతే ఎవరూ ఇంజనీరు కాలేరని నా అభిప్రాయం. అంచేత ప్రతి డిపార్టుమెంటులోనూ ఒక చేపల తొట్టె పెట్టాలనీ, దాని వేడి, వెలుతురు, గాలి చూసుకునే కంట్రోలరుని విద్యార్థులే కట్టి, ఏడాది పొడుగునా నడిపి, తర్వాతి బ్యాచికి అప్పగించాలనీ నేనంటాను.

ముందు మన సంగతి చూద్దాం. ఫైనలియర్‌కి వచ్చేసరికి ప్రాజెక్టు ‘చేయడం’ అనే మాట పోయి ‘తీసుకోవడం’ అనే మాట వచ్చింది. అందుకు ఊళ్ళో దుకాణాలున్నాయి. బోర్డు, ప్రోగ్రాము, రిపోర్టు, ఎగ్జామినరు అడగబోయే ప్రశ్నలు, వాటి జవాబులు అన్నీ ఒకే కవర్లో పెట్టి ఇస్తారు. అయితే కొనేవాళ్ళనొక్కళ్ళనే తిట్టి లాభం లేదు. రెండు రోజుల్లో క్లాసు క్లాసంతటి ప్రాజెక్టులు చూడవలసిన లెక్చరరుగారు మాత్రం ఏం చూడగలరు? బల్బు వెలిగిందా, మోటారు తిరిగిందా, రిపోర్టు బైండింగు అయిందా? అంతే. పరీక్ష పది నిమిషాలదైనప్పుడు సరుకూ పది నిమిషాలదే తయారవుతుంది.

మేం నలుగురం కలిసి కట్టిన తొట్టె ఇప్పుడు మా ల్యాబ్ బయట వరండాలో ఉంది. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు. ఇసుకా రాళ్ళూ పోను వంద లీటర్ల లోపు నీళ్ళు. గోడకి కొట్టిన ప్లాస్టిక్ పెట్టెలో ఆర్డుయినో ఊనో బోర్డు, నీళ్ళలో స్టీలు గొట్టంలో అమర్చిన డి.ఎస్.18బి20 ఉష్ణోగ్రత సెన్సరు, టైము తప్పకుండా చూసుకునే డి.ఎస్.3231 గడియారం చిప్పు, నాలుగు రిలేలు, రెండు వరసల ఎల్.సి.డి. తెర, ఒక బజరు. ఇవేవీ అపురూపమైన వస్తువులు కావు. కోఠీ గుజరాతీ గల్లీలో ఒక పూట తిరిగితే అన్నీ ఒక సంచిలో పడతాయి.

ఈ ఆర్డుయినో పుట్టుక మనం తెలుసుకోదగ్గది. ఇటలీలో ఇవ్రియా అనే చిన్న ఊళ్ళో డిజైన్ నేర్పే ఒక విద్యాసంస్థ ఉండేది. అక్కడ 2003లో హెర్నాండో బరగాన్ అనే కొలంబియా విద్యార్థి, ఎలక్ట్రానిక్స్ రాని తోటి విద్యార్థులు కూడా సులువుగా వాడుకోవాలని ‘వైరింగ్’ అనే బోర్డుని తన థీసిస్‌గా చేశాడు. దాని మీద ఆధారపడి 2005లో మాసిమో బాంజీ, డేవిడ్ క్వార్టియెల్స్ మొదలైనవాళ్ళు ఇంకా చవకైన బోర్డు తయారుచేసి, సర్క్యూటు రహస్యమేమీ దాచకుండా లోకానికి ఇచ్చేశారు. దానికి పెట్టిన పేరు ఆ ఊళ్ళోని ఒక బారుది. ఆ బారుకేమో 1002లో ఇటలీకి రాజైన ఆర్డుయిన్ పేరు. రాజుగారి మాట ఎలా ఉన్నా, ఒక విద్యార్థి థీసిస్ బీరువాలో పడి మగ్గకుండా లోకమంతా పాకిందన్నది మనం గుర్తుపెట్టుకోవలసిన సంగతి. ఊనో బోర్డులో ఉన్న చిప్పుకి 32 కిలోబైట్ల ప్రోగ్రాము జాగా, 2 కిలోబైట్ల ర్యామ్. మన జేబులో ఫోను ముందు అదొక చీమ. చేపల తొట్టెకి ఆ చీమే ఎక్కువ.

ఇక అసలు పాఠానికి వద్దాం. అందరూ ఒకరి దగ్గర ఒకరు ఎత్తి రాసుకునే ప్రోగ్రాము ఇది: నీళ్ళు 25 డిగ్రీలకి తగ్గితే హీటరు వెయ్యి, 26 దాటితే తియ్యి. మధ్యలో ఆ ఒక్క డిగ్రీ ఎడం లేకపోతే రిలే టకటకా కొట్టుకుని త్వరలోనే పాడవుతుంది. వైవాకి ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది. సెన్సరుని వేణ్ణీళ్ళ గ్లాసులో ముంచి చూపిస్తే మార్కులు పడతాయి.

ఇప్పుడు ఎలుక సెన్సరు వైరు కొరికిందనుకోండి. ఈ సెన్సరుకి అందరూ వాడే లైబ్రరీ, సెన్సరు దొరక్కపోతే మైనస్ 127 అనే అంకె ఇస్తుంది. ‘నాకేమీ తెలియడం లేదు’ అని దాని అర్థం. మన ప్రోగ్రాముకి ఆ అర్థం తెలియదు. మైనస్ 127 అంటే 25 కన్నా తక్కువే కదా అని హీటరు వేస్తుంది. వేసి మరి తియ్యదు. తెల్లారేసరికి తొట్టెలో ఉండేది చేపలు కాదు, పులుసు. ఇంకో చిత్రం ఉంది. అదే సెన్సరుని కరెంటు వచ్చిన వెంటనే, కొలత తీసుకోకముందే అడిగితే 85 అంటుంది. అంటే ఒకటే సెన్సరు రెండు రకాల అబద్ధాలు చెప్పగలదు. మన ల్యాబుల్లో కొలత చెప్పిన అంకెని నమ్మడం నేర్పుతారు. ఎప్పుడు నమ్మకూడదో తొట్టె నేర్పుతుంది.

అందుకని మా ప్రోగ్రాములో 10 డిగ్రీలకి కింద, 40 డిగ్రీలకి పైన ఏ అంకె వచ్చినా లెక్కలోకి తీసుకోం. హీటరు ఆపి, బజరు మోగిస్తాం. సరే, రిలేలోని లోహపు ముక్కలే అతుక్కుపోతే? ప్రోగ్రాము ‘ఆపు’ అని ఎంత అరిచినా హీటరు ఆగదు. దానికి మందు ప్రోగ్రాములో లేదు. గాజు హీటరుకి దాని సొంత థర్మోస్టాట్ ఒకటుంటుంది. దాన్ని 28 దగ్గర పెట్టి వదిలేశాం. పైవాడు తప్పితే కిందవాడు ఆపుతాడు. ప్రోగ్రామే ఎక్కడైనా చిక్కుకుపోతే, 8 సెకన్లలో చిప్పుని మళ్ళీ మొదలుపెట్టించే వాచ్‌డాగ్ టైమరు ఉంది. దీని గురించి మనమంతా రెండు మార్కుల ప్రశ్నకి జవాబు రాసినవాళ్ళమే. అది ఎందుకుందో నాకు అర్థమైంది మాత్రం వరండాలో. నీళ్ళూ 230 వోల్టులూ పక్కపక్కన ఉంటాయి గనక, 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే కట్టేసే ఆర్.సి.సి.బి. తప్పనిసరి. ప్రతి వైరూ ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు వేలాడి మళ్ళీ పైకి వెళ్ళాలి. వైరు వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గర కింద పడుతుంది గాని ప్లగ్గులోకి పోదు.

ఇంకో మాట. చలిదేశాల వాళ్ళు రాసిన పద్ధతుల్లో పెద్ద పీట హీటరుకే. మనకి హీటరు పని డిసెంబరు, జనవరి రాత్రుల్లోనే. మన అసలు శత్రువు మే నెల. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకి మించదు. వేడికి చేపకి ఎక్కువ ఆక్సిజన్ కావాలి. నీళ్ళలో ఉండేదేమో తక్కువ. దీనికి మన ఇంట్లో కూజా చెప్పే ఉపాయమే ఉపాయం. పాత కంప్యూటరులోని 12 వోల్టుల ఫ్యాను నీటి మీదికి గాలి కొట్టేటట్టు పెడితే నీరు ఆవిరై వేడిని తీసుకుపోతుంది. లెక్క వేసి చూడండి. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళు కావాలి. వంద లీటర్లు ఒక డిగ్రీ చల్లబడాలంటే పోవలసింది 420. అంటే గ్లాసుడు కన్నా తక్కువ, 175 మిల్లీలీటర్లు ఆవిరైతే ఒక డిగ్రీ. హైదరాబాదు పొడిగాలిలో ఇది చక్కగా పనిచేస్తుంది. విశాఖపట్నం ఉక్కలో అంత పనిచెయ్యదు. వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అని ఫిజిక్సు ల్యాబులో రికార్డు రాశామే, అదే ఇక్కడ హద్దు.

ఇంత చేసినా తొట్టెలో ముఖ్యమైన పని కంట్రోలరు చెయ్యదు. చేపల మలంలోంచి, మిగిలిపోయిన మేతలోంచి అమోనియా పుడుతుంది. అది విషం. దాన్ని నైట్రైటుగా, నైట్రైటుని నైట్రేటుగా మార్చేది ఫిల్టరు స్పాంజిలో కాపురమున్న బాక్టీరియా. ఆ కాపురం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ రెండు పనులూ రెండు వేరువేరు జాతులవని చాలాకాలం అనుకున్నారు. రెండూ ఒక్కటే చెయ్యగల నైట్రోస్పైరా ఉందని 2015లో బయటపడింది. అది దొరికిన చోట్లలో ఒకటి నెదర్లాండ్స్‌లో పరిశోధించిన చేపల పెంపకపు ఫిల్టరు! ఈ సంగతులు నాకు మా బ్రాంచిలో ఎవరూ చెప్పలేదు. జువాలజీ మిత్రులు చెప్పారు. నాలుగేళ్ళలో మేం వాళ్ళ డిపార్టుమెంటు మెట్లెక్కింది అదే మొదలు.

“చేపల ప్రాణాల మీద ప్రయోగాలేమిటి?” అని ఒక మేడమ్ అడిగారు. న్యాయమైన ప్రశ్న. జవాబు పైన చెప్పిన ఆరు వారాల్లోనే ఉంది. బాక్టీరియా కుదురుకునే ఆ రోజుల్లో తొట్టెలో చేపలుండవు. మేం చెయ్యదలిచిన దుర్మార్గాలన్నీ అప్పుడే చేశాం. సెన్సరు వైరు పీకాం. మెయిను ఆపి వేశాం. ప్రోగ్రాముని కావాలని ఇరికించాం. అన్నిటికీ తట్టుకుందని నోటుబుక్కులో రాసుకున్నాకే గప్పీలని వదిలాం.

“బజార్లో రెడీమేడ్ కంట్రోలరు దొరుకుతుంటే ఈ తంటా ఎందుకు?” అని ఇంకొకరు. తొట్టె కావలసినవాళ్ళు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. మనకి కావలసింది తొట్టె కాదు, చదువు. “మా తాతగారు ఏ కంట్రోలరూ లేకుండా పెంచారోయ్” అని మూడో వారు. అదీ నిజమే. ఆయన కళ్ళే కంట్రోలరు. అందుకే మేత వేసే పని మేం యంత్రానికి ఇవ్వలేదు. రోజుకొకసారి మనిషి వచ్చి చేపల వంక చూడాలి. మేతకి ఎగబడని చేప జబ్బుచేసిందని ఏ సెన్సరూ చెప్పదు.

ఇదంతా పిల్లకాయల సరదా అనుకునేవారిని భీమవరం, కైకలూరు వైపు ఒకసారి వెళ్ళిరమ్మంటాను. చేపలు, రొయ్యల పెంపకంలో దేశంలో మొదటి వరసలో ఉన్నది మన తీరమే. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి ఆ నాచు కూడా తీసుకోవడమే. అందుకని చెరువులో ఆక్సిజన్ అట్టడుగుకి పోయేది తెల్లవారుజామున. ఆ వేళప్పుడు కరెంటు పోయి ఏరేటరు ఆగితే రైతు పంట తేలిపోతుంది. జనరేటరు పక్కన మంచం వేసుకుని పడుకునే మనిషికి కావలసింది వైవా రోజున వెలిగే బల్బు కాదు. వైరు తెగినా, కరెంటు పోయినా తన పని తాను చేసేదీ, చెయ్యలేనప్పుడు కేకవేసి లేపేదీ ఆయనకి కావాలి. అలాంటిది కట్టగలవాడు మన కాలేజీలోంచి రాకపోతే ఎక్కడినుంచి వస్తాడు?

అంచేత నేను అడిగేవి మూడు. లెక్చరర్లని ఒకటి: ప్రాజెక్టు మార్కుల్లో సగం వైవాకి ఇవ్వండి, సగం ఆ వస్తువు సంక్రాంతి సెలవుల్లో మనిషి లేకుండా నడిచినందుకివ్వండి. వైవాలో కూడా ప్రశ్నలు తగ్గించి, మీకు తోచిన వైరు ఒకటి పీకి చూడండి. యూనియన్‌ని ఒకటి: కాలేజీ డే ఖర్చులో ఒక్క షామియానా తగ్గించి, అడిగిన ప్రతి డిపార్టుమెంటుకీ ఒక తొట్టె ఇవ్వండి. పూర్వవిద్యార్థులని ఒకటి: మీరు పనిచేసే చోట ఏ వైరు తెగి ఏ యంత్రం ఎలా అబద్ధం చెప్పిందో వచ్చి ఒక గంట చెప్పిపోండి. మీ విరాళం కన్నా అది మాకు ఎక్కువ.

మా బ్యాచి ఈ ఏప్రిల్‌తో వెళ్ళిపోతుంది. నోటుబుక్కు, స్పేర్ రిలేలు, సర్క్యూటు బొమ్మ అన్నీ పెట్టె పక్కనే మేకుకి వేలాడుతున్నాయి. తర్వాతి బ్యాచిలో ఎవరు తీసుకుంటారో ఇంకా తేలలేదు. మే నెల మాత్రం ఎవరికోసమూ ఆగదు. ఆసక్తి ఉన్న జూనియర్లు పరీక్షలకి ముందే వచ్చి కలవండి.